అమ్మ ఛార్జర్ నుంచి పవర్ సేవర్ దాకా: ఎనిమిది నెలలు వాడిన ప్లగ్ వాట్ మీటర్

మా అమ్మకు 74 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆమె మంచం తలాపున, గోడకు బాగా కిందగా ఒక ప్లగ్ పాయింట్ ఉంది. ఫోన్ ఛార్జింగ్ అవగానే మంచం పట్టీ పట్టుకుని వంగి, ఛార్జర్ పీకి, మళ్లీ మెల్లగా లేచేది. రోజూ రాత్రి ఇదే. "పొద్దున నేను తీస్తాలే, వదిలెయ్యమ్మా" అంటే వినేది కాదు. "ఫోన్ లేకపోయినా అది కరెంటు కాలుస్తూనే ఉంటుందే. బొట్టు బొట్టు కూడితేనే బిందె నిండేది" అనేది. ఒక రాత్రి అలా వంగినప్పుడు నడుం పట్టేసింది. పది రోజులు మంచం దిగలేదు.

ఏ వస్తువు ఎంత కరెంటు కాలుస్తుందో చూపించే ఈ మీటర్ ఆ పది రోజుల్లోనే కొన్నాను. నేను చేసేది లెక్కలు రాసే ఉద్యోగం. ఆఫీసులో చిల్లర తేడా వచ్చినా ఎక్కడ పోయిందో వెతికి పట్టుకునేదాకా ఊరుకోను. ఇంట్లో మాత్రం ఏ వస్తువు ఎంత కాలుస్తుందో ఎవరికీ తెలియకుండానే, ఇన్నేళ్లుగా ఒకరి మీద ఒకరం కేకలు వేసుకుంటూ వచ్చాం. అమ్మ పక్కన కూర్చుని కాపడం పెడుతుంటే ఆ సంగతి బాగా తగిలింది.

ఇది అరచేతిలో పట్టే వస్తువు. గోడ ప్లగ్‌లో మీటర్ పెట్టి, మీటర్‌లో మన వస్తువు ప్లగ్ పెట్టాలి. తెర మీద వోల్టేజి, ఆంప్స్ (వైర్లో పారే కరెంటు), వాట్స్ (వస్తువు నిజంగా ఖర్చు చేస్తున్న శక్తి), పవర్ ఫ్యాక్టర్ (వైర్లో పారేదాంట్లో నిజంగా ఖర్చయ్యే వాటా), పెట్టినప్పటి నుంచి ఎన్ని యూనిట్లు కాలాయో కనిపిస్తాయి. బటన్ నొక్కుతూ ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాలి. ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తాయి, పని అన్నిటిదీ ఇంచుమించు ఒకటే. కాబట్టి దీని కంపెనీ గురించి రాయను. దీనితో ఏం తెలిసిందన్నదే రాస్తాను, ఎందుకంటే ఈ వస్తువు విలువంతా అక్కడే ఉంది.

ఒక్క లెక్క గుర్తుంటే మిగతాదంతా తేలిక. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 100 వాట్లదైతే పది గంటలు. ఒక వాట్‌ది ఏడాదంతా ఆపకుండా నడిచినా 8.76 యూనిట్లు. నేను నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ మూడు ముక్కలే రాసుకున్నాను.

మొదట పెట్టింది అమ్మ ఛార్జరే. ఫోన్ లేకుండా ఖాళీగా పెడితే 0.0 అని చూపించింది. అమ్మ నమ్మలేదు. నిజానికి నమ్మకపోవడమే సరైనది, ఎందుకంటే ఇలాంటి మీటర్లు మరీ చిన్న లోడును పట్టుకోలేవు. సున్నా చూపించినంత మాత్రాన సున్నా అని కాదు. అందుకని ఇంట్లో ఉన్న ఎనిమిది ఛార్జర్లనూ ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీద కలిపి పెట్టాను. అప్పుడు 0.6 వచ్చింది. అంటే ఒక్కోటీ వాట్‌లో పదో వంతు కూడా లేదు. అమ్మ ఛార్జర్ ఏడాదంతా ప్లగ్‌లో ఉన్నా ఒక్క యూనిట్ కూడా పూర్తిగా కాలదు. ఆ యూనిట్ కోసం ఏడాదికి 365 సార్లు వంగింది మా అమ్మ.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఇటుకముక్కలా బరువుగా ఉండే పాత అడాప్టర్లు ఉంటాయి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు ఉన్నవి. అవి ఖాళీగా ఉన్నా ఒకటి నుంచి మూడు వాట్ల దాకా లాగుతాయి. చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది, గోరువెచ్చగా ఉంటే కాలుతున్నట్టే. మా అటక మీద పాత రేడియోది ఒకటి దొరికింది, 2.1 వాట్లు చూపించింది. అలాంటివి పీకేయండి. ఉరుములు మెరుపులప్పుడు అన్నీ పీకడం కూడా మంచిదే, అది వేరే కారణం.

ఆ మధ్యాహ్నమే ఇంకోటి బయటపడింది. అమ్మ గదిలో రాత్రంతా ఒక జీరో బల్బు వెలుగుతుంది, ఎన్నో ఏళ్లుగా. పేరే జీరో కదా, దానికి కరెంటు కాలదని మా ఇంట్లో అందరం అనుకున్నాం. లోపల తీగ ఉన్న పాత రకం బల్బు అది. హోల్డర్‌కు వైరు కట్టి మీటర్‌లో పెడితే 14 వాట్లు. రాత్రికి తొమ్మిది గంటలు వేసుకున్నా ఏడాదికి దాదాపు 46 యూనిట్లు. అమ్మ ఛార్జర్ పీకి ఆదా చేసినదానికి యాభై రెట్లకు పైగా ఆమె తల మీదే కాలుతోంది. పాత తిరుగుడు చక్రం మీటర్లు అంత చిన్న లోడుకు సరిగ్గా కదిలేవి కావు, ఆ పేరు అందుకే వచ్చిందని మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు. దాని బదులు అర వాట్ ఎల్ఈడీ బల్బు పెట్టాం. వెలుతురు ఇంకాస్త బాగుంది, రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్లేటప్పుడు గడప కనిపిస్తోంది.

టీవీ కింద వెలిగే ఎర్రచుక్క గురించి మా వారికి పెద్ద టెన్షన్. రిమోట్‌తో ఆపితే సగం కరెంటు కాలుతూనే ఉంటుందని ఆయన నమ్మకం. మా టీవీ స్టాండ్‌బైలో 0.4 వాట్లు చూపించింది. ఒకప్పుడు ఆయన భయం నిజమే. పాత టీవీలు, వీడియో ప్లేయర్లు ఆపేశాక కూడా పది వాట్లు లాగిన రోజులున్నాయి. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ, ఆపి ఉంచిన ఏ వస్తువూ ఒక వాట్‌కు మించి లాగకూడదని ఒక ప్రతిపాదన పెట్టింది. తర్వాత చాలా దేశాలు దాన్నే నియమంగా చేసుకున్నాయి. యూరప్‌లో 2013 నుంచి మామూలు స్టాండ్‌బైకి అర వాటే హద్దు. కాబట్టి కొత్త టీవీ ఎర్రచుక్కను చూసి భయపడక్కర్లేదు.

అయితే ఆ టీవీ పక్కనే చడీచప్పుడు లేకుండా కూర్చున్న సెట్‌టాప్ బాక్స్ ఉంది. నడుస్తుంటే 13 వాట్లు, రిమోట్‌తో ఆపితే 11. రెండుసార్లు చూశాను, పొరపాటు పడ్డానేమోనని. ఆపినప్పుడు దాని తెర మీది అంకెలు ఆరిపోతాయి తప్ప లోపల పని ఆగదు. మేం టీవీ చూసేది రోజుకు ఆరు గంటలైతే, మిగతా 18 గంటలు అది వృథాగా 11 వాట్లు లాగుతోంది. ఏడాదికి 72 యూనిట్లు. ఇప్పుడు రాత్రి పడుకునేముందు గోడ స్విచ్ కట్టేస్తున్నాం. పొద్దున అది లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది, మావాడు విసుక్కుంటాడు, అయినా సరే.

ఇప్పుడు పవర్ సేవర్ సంగతి. ప్లగ్‌లో పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని చెప్పి అమ్మే పెట్టె ఇది. దీనికి మాత్రం కొంచెం ఎక్కువ చోటు కావాలి, ఎందుకంటే ఇందులో మా ఇంటిల్లిపాదీ మోసపోయాం.

మీటర్ కొనడానికి నాలుగు నెలల ముందు ఒకతను ఇంటికి వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. సంచిలోంచి ఒక చిన్న మోటారు తీసి ప్లగ్‌లో పెట్టి, వైరు చుట్టూ ఒక క్లాంప్ మీటర్ బిగించాడు. ఆంప్స్ ఎంతో చదివించాడు. తర్వాత పక్క ప్లగ్‌లో ఒక తెల్ల పెట్టె పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. క్లాంప్ మీటర్‌లో అంకె మా కళ్ల ముందే తగ్గింది. మావారు రెండు తీసుకున్నారు, ఒకటి హాలుకు, ఒకటి వంటింటికి. నేనూ అడ్డు చెప్పలేదు. అంకె తగ్గడం చూశాను కదా, లెక్కలు చూసేవాళ్లకు అంకె అంటే ఒక గౌరవం ఉంటుంది.

మా ఫ్రిజ్ పాతది. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు మీటర్ 130 వాట్లు, 0.87 ఆంప్స్ చూపిస్తుంది, పవర్ ఫ్యాక్టర్ 0.65. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డును మీటర్‌కు తగిలించి, అందులో ఫ్రిజ్, దాని పక్కన ఆ తెల్ల పెట్టె పెట్టాను. ఆంప్స్ 0.68కి పడింది. అతను చూపించింది అబద్ధం కాదు. అప్పుడు బటన్ నొక్కి వాట్స్ చూశాను. 131. పెట్టె తీసేశాను, 130. మళ్లీ పెట్టాను, 131.

ఎందుకిలా అవుతుందో అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఫ్రిజ్ కంప్రెసర్‌లో ఉండేదీ ఒక మోటారే. మోటారు తిరగాలంటే దాని చుట్టలో అయస్కాంతం పుట్టాలి. సెకనుకు ఎన్నోసార్లు ఆ అయస్కాంతం పుడుతూ, పోతూ ఉంటుంది. పుట్టేటప్పుడు కొంత శక్తి తీసుకుంటుంది, పోయేటప్పుడు దాన్నే వైర్లలోకి తిప్పి పంపేస్తుంది. ఇలా వచ్చి పోయే కరెంటు కూడా వైర్లో పారుతుంది కాబట్టి క్లాంప్ మీటర్ దాన్నీ కలిపి ఆంప్స్‌గా చూపిస్తుంది. ఇంటి గోడకున్న మీటర్ మాత్రం మనం నిజంగా ఖర్చు చేసినదాన్నే యూనిట్లుగా లెక్కిస్తుంది, తిరిగి వెళ్లినదాన్ని లెక్కలో వేయదు. పవర్ సేవర్ పెట్టెలో ఉండేది ఒక కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు దాచుకుని తిరిగి ఇచ్చే భాగం. వచ్చి పోయే ఆ కరెంటును అది తన దగ్గరే అందించి పుచ్చుకుంటుంది, అందుకే వెనక వైర్లో ఆంప్స్ తగ్గుతాయి. యూనిట్లు తగ్గవు, ఎందుకంటే యూనిట్లలో అది మొదటినుంచీ లేనే లేదు.

ఫ్యాక్టరీల్లో ఇలాంటి కెపాసిటర్లు నిజంగానే పెడతారు. పెద్ద కనెక్షన్లకు పవర్ ఫ్యాక్టర్‌ను బట్టి కూడా ఛార్జీ పడుతుంది, అక్కడ దానికి అర్థం ఉంది. అక్కడి నిజాన్ని తెచ్చి ఇంటికి అంటగట్టడమే ఈ పెట్టె వ్యాపారం. చూపించే అంకె నిజమైనది కావడం వల్లే ఇంత మంది నమ్ముతున్నారు. మీ ఇంటికి ఎవరైనా ఇలాంటిది తెస్తే ఆంప్స్ కాదు, వాట్స్ చూపించమని అడగండి. ఆ ఒక్క మాట చాలు.

తర్వాత పెట్టెను ఒక్కదాన్నే మీటర్‌లో పెట్టి చూశాను. 0.5 వాట్లు. పచ్చ లైటుకూ లోపలి సర్క్యూట్‌కూ అంత కావాలి మరి. రెండు పెట్టెలు ఏడాదంతా ఉంటే దాదాపు తొమ్మిది యూనిట్లు అవే కాల్చేవి. అమ్మ ఛార్జర్ లాంటివి పన్నెండు ఖాళీగా వదిలేసినా అంత కాలదు. మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రే రెండూ తీసేశారు. దయచేసి వాటిని ఇంట్లో విప్పి చూడకండి. కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా షాక్ కొట్టగలదు. మాది ఎలక్ట్రీషియనే విప్పి చూపించాడు.

ఫ్రిజ్‌ను రాత్రిపూట కట్టేస్తే ఆదా అని అమ్మ నమ్మకం. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇలా చేస్తారు. దీన్ని తేల్చడానికి ఒక గంట చూస్తే కుదరదు. కంప్రెసర్ కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది, అందుకని మూడేసి రోజులు లెక్కవేశాను. మామూలుగా వదిలేస్తే మూడు రోజులకు 3.3 యూనిట్లు. రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఐదు దాకా కట్టేస్తూ మూడు రోజులు చూస్తే 3.1. తేడా మూడు రోజులకు 0.2 యూనిట్. పొద్దున స్విచ్ వేశాక అది రాత్రంతా ఎక్కిన వేడిని లాగడానికి ఆపకుండా నడిచింది, అందుకే పెద్దగా మిగల్లేదు. ఇక లోపల పెట్టిన థర్మామీటర్ రాత్రి 4 డిగ్రీలు చూపిస్తే తెల్లవారుజామున 10కి చేరింది. ఆహారం పాడవకుండా ఉండాలంటే ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు దాటకూడదు. ఈ అలవాటును నేను గట్టిగా వద్దంటాను. ఇంట్లో చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే మరీను.

ఫ్రిజ్‌లో అసలు దొంగ వేరే చోట దొరికాడు. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి. బిగుతుగా ఉంటే రబ్బరు బాగున్నట్టు. మాది కింది మూలలో జారి వచ్చేసింది. రబ్బరు మార్పించి, ఫ్రిజ్‌ను గోడకు ఒక జానెడు ఇవతలికి జరిపి, వెనకున్న దుమ్ము దులిపాక రోజుకు 1.1 యూనిట్లు కాలేది కాస్తా 0.92కి వచ్చింది. ఏడాదికి 65 యూనిట్లు. రాత్రులు కట్టెయ్యకుండానే.

గీజర్‌కు ఈ మీటర్ పనికిరాలేదు. నా మీటర్ 10 ఆంప్స్ దాకానే తట్టుకుంటుంది, పైగా గీజర్ ప్లగ్ పెద్ద పిన్నులది. బలవంతంగా ఏ అడాప్టరో వేసి పెట్టకండి, కాలిపోతుంది. దీనికి వేరే దారి ఉంది, ఆ దారికి మీటర్ కొననక్కర్లేదు కూడా. మీ ఇంటి కరెంటు మీటర్ మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. మాది 3200. ఒక యూనిట్ అంటే 1000 వాట్లు 3600 సెకన్లు, గుణిస్తే 36 లక్షలు. దాన్ని ఆ అంకెతో భాగిస్తే 1125 వచ్చింది. ఇంట్లో ఒక్క వస్తువే నడుస్తుండగా రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. గీజర్ వేస్తే లైటు సెకనుకు దాదాపు రెండుసార్లు కొట్టుకుంది. పది మిణుకులు లెక్కపెట్టి చూస్తే 2000 వాట్లు.

గీజర్ ఆపి వేస్తే ఎక్కువ కాలుతుంది, వేసే ఉంచితే తక్కువ అని మా ఇంట్లో ఒక మాట. ఐదింటికి వేస్తే చివరివాళ్ల స్నానం అయ్యే ఎనిమిదిన్నర దాకా అలాగే ఉండేది. ఆదివారాలు సాయంత్రం దాకా కూడా. వేడిగా ఉన్న నీళ్లు చుట్టూ ఉన్న గాలికి వేడిని వదులుతూనే ఉంటాయి. ఎంత వేడిగా ఎంతసేపు ఉంచితే అంత పోతుంది. ఆపేస్తే చల్లబడుతున్నకొద్దీ పోయే వేడీ తగ్గుతుంది, కాబట్టి ఆపి మళ్లీ కాచుకోవడంలో నష్టం ఎప్పుడూ రాదు. ఒక ఆదివారం నీళ్లు ముట్టుకోకుండా ఆరు గంటలు గీజర్ వేసి ఉంచాను, ఫ్రిజ్ తప్ప అన్నీ కట్టేసి. ఫ్రిజ్ వాటా తీసేస్తే పావు యూనిట్ కాలింది. రోజంతా అయితే ఒక యూనిట్, ఎవరూ స్నానం చేయకుండానే. 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 55కి కాచడానికి కావలసింది అర యూనిట్ చిల్లర, పదహారు పదిహేడు నిమిషాలు. ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరం వరసగా స్నానాలు చేసేసి ఆపేస్తున్నాం.

ఇక అమ్మ ఫ్యాను. ఇది రాయడానికే అసలు ఈ సమీక్ష మొదలుపెట్టాను.

మధ్యాహ్నం పూట అమ్మ ఫ్యాను కట్టేసుకుని కూర్చునేది. "ఇప్పుడంత ఉక్కగా లేదులే" అనేది. మెడ మీద చెమట కనిపిస్తూనే ఉండేది. అందరం ఆఫీసులకూ బడికీ వెళ్లాక తనొక్కదానికోసం ఫ్యాను ఎందుకు అని ఆమె ఆలోచన. సీలింగ్ ఫ్యానుకు ప్లగ్ ఉండదు కాబట్టి మిణుకుల లెక్కే వేశాను. ఫుల్ స్పీడులో పదిహేనున్నర సెకన్లకు ఒక మిణుకు, అంటే 72 వాట్లు. రెండో నంబరులో 40 సెకన్లకు ఒకటి, 28 వాట్లు. స్పీడు తగ్గించినా కరెంటు అంతే కాలుతుందన్న మాట పాత డబ్బా రెగ్యులేటర్లకు చాలావరకు చెల్లుతుంది, అవి మిగిలినదాన్ని వేడిగా తగలేస్తాయి. ఇప్పటి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లతో నిజంగానే తగ్గుతుంది.

అమ్మను మంచం మీద కూర్చోబెట్టి నోట్‌బుక్ చూపించాను. ఫ్యాను ఫుల్ స్పీడులో దాదాపు పద్నాలుగు గంటలు తిరిగితే ఒక యూనిట్. గీజర్ నీళ్లు కాస్తూ అరగంట నడిస్తే ఒక యూనిట్. "నువ్వు నాలుగు మధ్యాహ్నాలు చెమటలు కక్కుతూ మిగిల్చింది, మేం ఒక్క రోజంతా గీజర్ ఆపడం మరిచిపోతే పోతోందమ్మా" అన్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ చాలాసేపు చూసింది. "ఇన్నాళ్లూ ఇది ఎవరూ చెప్పలేదే" అంది. నా గొంతు పూడుకుపోయింది. చెప్పాల్సినవాళ్లం మేమే, మాకే తెలియదు.

మనుషులు లేని గదిలో ఫ్యాను మాత్రం కట్టేయాల్సిందే. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటి మీద చెమటను ఆరబెట్టి మనిషికి చల్లదనం ఇస్తుంది. ఖాళీ గదిలో తిరిగితే మోటారు వేడి తప్ప ఏమీ మిగలదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నూనె నింపిన గది హీటరు తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుందని చెప్పి అమ్ముతారు. లాగిన ప్రతి వాటూ చివరికి వేడిగానే మారుతుంది, ఏ రకం హీటరైనా 1000 వాట్లకు ఇచ్చే వేడి ఒకటే. కంప్యూటర్‌కు స్క్రీన్‌సేవర్ పెడితే ఆదా అని మావాడు అనేవాడు. మానిటర్ బొమ్మలు కదులుతున్నా 21 వాట్లే, పనిచేస్తున్నా 21 వాట్లే, ఆపితే 0.3. ఒక లీటరు నీళ్లు మరిగించడానికి కెటిల్‌లో 0.1 యూనిట్, మైక్రోవేవ్‌లో 0.17. వాషింగ్ మెషీన్ చన్నీళ్లతో ఒక వాయికి 0.12, అదే వేడినీళ్ల మోడ్‌లో 0.9 అయింది. తిప్పడానికి అయ్యేది తక్కువ, నీళ్లు కాచడానికే అంతా. బల్బులు ఆర్పి వేస్తుంటే వేసిన ప్రతిసారీ బోలెడు కరెంటు లాగుతుందన్న మాట ఎల్ఈడీలకు అస్సలు లేదు. గదిలోంచి వెళ్తే ఆర్పేయండి. మా హాల్లో 60 వాట్ల బల్బు ఉన్నచోట ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ అంతే వెలుగు ఇస్తోంది. నీలి ఎల్ఈడీ కనిపెట్టిన ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఆ నీలం లేకపోతే ఈ తెల్లని ఎల్ఈడీ వెలుగు ఇళ్లలోకి వచ్చేది కాదు. అది తెలిశాక ఆ బల్బు వంక కొంచెం ప్రేమగా చూస్తున్నాను.

ఇప్పుడు వస్తువులో లోపాలు. తెరకు లోపల లైటు లేదు, మంచం కిందో ఫ్రిజ్ వెనకో పెడితే ఫోన్ టార్చి వేసి చదవాలి. బటన్లు మరీ చిన్నవి, అమ్మ వేళ్లకు అందవు. మీటర్ వెడల్పు ఎక్కువ, పక్క ప్లగ్‌ను సగం మూసేస్తుంది. కరెంటు పోతే కొన్ని రకాల్లో అప్పటిదాకా చేరిన యూనిట్లు చెరిగిపోతాయి. నాదీ అంతే, ఫ్రిజ్ లెక్క మొదటిసారి రెండో రోజున కరెంటు పోయి మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. కొనేటప్పుడు లోపల బ్యాటరీ ఉందో లేదో అడగండి. అర వాట్ కంటే తక్కువ అంకెలను పూర్తిగా నమ్మకండి. ఇస్త్రీపెట్టె లాంటి పెద్ద లోడు గంటసేపు పెడితే మీటర్ వెనక భాగం వేడెక్కింది. పెద్ద లోడును పది నిమిషాలు చూసి తీసేయండి. దాన్ని అక్కడే శాశ్వతంగా వదిలేయకండి.

ఒక ఇంటికి ఇది ఎప్పటికీ అవసరమయ్యే వస్తువు కాదు. మొదటి రెండు నెలలు రోజూ వాడాను, తర్వాత కొత్త వస్తువు వచ్చినప్పుడే. నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని చేతులు మార్చుకుంటే సరిపోతుంది. ఐదుకు నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ కరెంటు పోతే లెక్క మరిచిపోయినందుకు.

అమ్మ ఛార్జర్ ఇప్పుడు ప్లగ్‌లోనే ఉంటోంది. మధ్యాహ్నాలు ఫ్యాను రెండో నంబరులో తిరుగుతోంది. నేను ఆఫీసు నుంచి ఫోన్ చేసినప్పుడు ఆ చప్పుడు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం చెవి పెడతాను. మీటర్ పోయిన వారం పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు. వాళ్ల హాల్లోనూ పచ్చ లైటు పెట్టె ఒకటి ఉంది. ఆంప్స్ చూడొద్దు, వాట్స్ చూడండని చెప్పి, ఫ్రిజ్‌కు మాత్రం మూడు రోజులు తీయకుండా ఉంచమన్నాను.